ఒకే గోడకు ఇద్దరు: ఆన్‌లైన్‌లో కలిసి బొమ్మ గీయడం ఎక్కడ మొదలుపెట్టాలి

నేను గీత గీయడం నేర్చుకున్నది గోడ మీద. పదో తరగతి సెలవుల్లో అనంతపురంలో బోర్డులు రాసే ఒకాయన దగ్గర చేరాను. దారానికి నీలం పొడి పట్టించి ఆ కొస ఆయన, ఈ కొస నేను పట్టుకునేవాళ్లం. మధ్యలో లాగి వదిలితే గోడ మీద టప్పుమని సన్నటి గీత పడేది. ఆ గీతల మధ్య ఆయన ఔట్‌లైన్ కొట్టేవాడు, లోపల రంగు నింపడం నా పని. ఆ వీధిలో నన్ను 'ఫిల్లింగ్ పిల్లోడు' అనేవాళ్లు. ఎన్నికలప్పుడు పెద్ద గోడ దొరికితే ఇంకో ఆర్టిస్టు కూడా వచ్చేవాడు. ఒకరు ఎడమ పక్క నుంచి, ఒకరు కుడి పక్క నుంచి రాసుకుంటూ వచ్చి మధ్య అక్షరం దగ్గర కలిసేవాళ్లు. అక్షరాలు ముందే జానలతో కొలుచుకునేవాళ్లు. మధ్యలో మాటలుండవు, ఒకరి బీడీ ఒకరు ముట్టించుకోవడం తప్ప.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గోడలు పోయాయి. నేను కూడా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కోరల్ డ్రా, ఫోటోషాప్, అను ఫాంట్లు. పదిహేనేళ్లకు పైగా పుట్టినరోజు శుభాకాంక్షలు, ప్రథమ వర్ధంతులు, పార్టీ నాయకుల స్వాగతాలు చేస్తూనే ఉన్నాను. ఈ పదిహేనేళ్లలో నాతో కలిసి బొమ్మ చేసినవాళ్లు ఎవరన్నా ఉంటే, నా కుర్చీ వెనక నిలబడి "అన్నా, మా అన్న ఫోటో ఇంకొంచెం పెద్దగా పెట్టు" అన్నవాళ్లే.

రెండేళ్ల కింద బెంగళూరులో ఉద్యోగం చేసే నా మేనకోడలు ఒక లింకు పంపింది. "మామా, ఇది నొక్కు. ఏమీ ఇన్‌స్టాల్ చేయొద్దు" అంది. నొక్కితే తెల్ల కాగితం. దాని మీద నా బాణం గుర్తు, దాని పక్కనే తన పేరుతో ఇంకో బాణం. తను ఒక గుండ్రం గీసింది. నేను దానికి రెండు కళ్లు పెట్టాను. తను మీసం పెట్టింది. నేను తలపాగా చుట్టాను. షాపులో కస్టమరు వచ్చి రెండుసార్లు దగ్గినా నాకు వినపడలేదు. చాలా ఏళ్ల తర్వాత నా గీత పక్కన ఇంకొకరి గీత కదులుతోంది.

ఒక తెర మీద ఇద్దరి బాణాలు తిరగడం కొత్త సంగతేమీ కాదట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా ఇంజనీరు దీన్ని ఒక సభలో చూపించాడు. దాదాపు 50 కిలోమీటర్ల అవతల మెన్లో పార్కులో కూర్చున్న సహోద్యోగి, ఆయన, ఒకే తెరను పంచుకుని పని చేశారు. మౌస్‌ను జనం ముందు పెట్టింది కూడా ఆ సభలోనే. మా వీధికి రావడానికి ఇంత కాలం పట్టింది, అంతే.

ఇప్పుడు షాపుకు వచ్చే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ఒకరిద్దరు స్కూలు టీచర్లు నన్ను అడుగుతుంటారు: "ఆన్‌లైన్‌లో కలిసి గీయాలంటే ఏ యాప్ మంచిది? ఏ టాబ్లెట్ కొనాలి? ముందు ఏ కోర్సు చేయాలి?" నా జవాబు వాళ్లకు నచ్చదు. నచ్చని ఆ జవాబే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అందరూ చెప్పే సలహా ఇది: ముందు పెన్ టాబ్లెట్ (పెన్నుతో గీస్తే కంప్యూటరులో గీత పడే పలక) కొనుక్కో, బ్రష్‌లు, లేయర్లు (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పారదర్శకమైన పొరలు) ఒంటరిగా నేర్చుకో, చేయి కుదిరాక నలుగురితో కలువు. ఈ వరస తలకిందులుగా ఉందని నా వాదన. నలుగురితో కలవడమే ముందు. అది కూడా వేలితోనో, పాత మౌస్‌తోనో. ఒంటరిగా నేర్చుకుని వచ్చినవాడు తన బొమ్మను తనతో పాటు తెచ్చుకుంటాడు. ఎవరన్నా దాని మీద గీత పెడితే ప్రాణం పోయినట్టు అయిపోతాడు. కలిసి గీసేటప్పుడు మొదట కావాల్సింది పక్కవాడి చేయి నీ గీత మీదికి వస్తే ఊరుకోవడం. అది ఒంటరిగా కూర్చుంటే ఎట్లా వస్తుంది? మా గురువు నాకు బ్రష్ పట్టుకోవడం నేర్పకముందే, తను రాస్తుంటే నిచ్చెన ఎక్కడ పట్టుకుని నిలబడాలో నేర్పాడు.

నా స్నేహితుడు ఒకడికి ఫోటో స్టూడియో ఉంది. వాళ్ల అబ్బాయి కోసం పెన్ టాబ్లెట్ కొన్నాడు. 8192 స్థాయిల ఒత్తిడిని గుర్తుపడుతుందని డబ్బా మీద రాసి ఉంది. ఆ పెన్నుకు ఇప్పటిదాకా తెలిసిన ఒత్తిడి దుమ్ముది మాత్రమే. ఇల్లు అలకగానే పండగైపోతుందా? టాబ్లెట్ వద్దని కాదు. హ్యూయన్, ఎక్స్‌పీ పెన్ లాంటివి కొన్ని వేలకే వస్తాయి, నా దగ్గరా ఒకటి ఉంది, గీత సన్నం లావు చేయాలంటే అది కావాల్సిందే. ఆరు నెలల తర్వాత కొనండి. అప్పటికి మీకు దాని అవసరం ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇక ఏ సాఫ్ట్‌వేర్ అన్న సంగతి. ఇవి రెండు జాతులు. ఒకటి వైట్‌బోర్డు జాతి. దాంట్లో నువ్వు గీసింది ఒక వస్తువుగా ఉండిపోతుంది. గుండ్రం గీస్తే దాన్ని తర్వాత పట్టుకుని పక్కకు జరపొచ్చు, ఎవరైనా జరపొచ్చు. నా మేనకోడలు పంపిన లింకు ఆ జాతిదే, ఎక్స్‌కాలిడ్రా. 2020 జనవరిలో మొదలైంది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఖాతా అక్కర్లేదు. బ్రౌజరులో తెరిచి, షేర్ నొక్కి, లైవ్ సెషన్ మొదలుపెడితే లింకు ఇస్తుంది. వాట్సాప్‌లో పంపితే అయిపోయింది. గీతలు కొంచెం వంకరగా, చేత్తో గీసినట్టే పడతాయి, కాబట్టి చేయి కుదరనివాడికి సిగ్గు ఉండదు. కొత్తవాళ్లకు నేను ఇదే ఇస్తాను.

దాని లింకులో ఒక చమత్కారం ఉంది. మీ బొమ్మ తాళం వేసుకునే బయటికి పోతుంది. లింకులో హ్యాష్ గుర్తు (#) తర్వాత వచ్చే ముక్కలో దాని తాళంచెవి ఉంటుంది. బ్రౌజరు ఆ ముక్కను సర్వరుకు పంపదు. అందువల్ల మధ్యలో ఉన్న సర్వరు మీ బొమ్మను మోస్తుంది కానీ చూడలేదు. అయితే లింకు పూర్తిగా ఎవరి చేతికి చిక్కితే వాళ్ల చేతిలో తాళంచెవి ఉన్నట్టే. ఇంటి ప్లాను గీసుకుని ఆ లింకును అపార్ట్‌మెంట్ గ్రూపులో పడేయకండి.

నాలాంటి డీటీపీ వాళ్లకు ఒక మాట: అను ఫాంట్లలో కొట్టిన తెలుగును దాంట్లో అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో నడిచే తెలుగులో కొట్టాలి. కొట్టినా చేతిరాత ఫాంటు తెలుగుకు పట్టదు, మామూలు అచ్చక్షరాలే వస్తాయి. నేను తెలుగు మాటలు కూడా వేలితోనే రాసేస్తాను. బోర్డు ఆర్టిస్టుకు అదొక లాభం.

రెండో జాతి రంగులు వేసేది. గీసింది వస్తువుగా మిగలదు, గోడ మీద రంగులాగా ఇంకిపోతుంది. డ్రాపైల్ ఆ జాతి. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్‌లలో నడుస్తుంది, బ్రౌజరులోనూ తెరుచుకుంటుంది. బ్రౌజరులోనే నడిచే మాగ్మా కూడా ఈ జాతిదే. క్రిటా చాలా మంచిది, రోజూ వాడతాను, కానీ అది ఒంటరివాడి సాఫ్ట్‌వేర్. నా మనసు మాత్రం డ్రాపైల్ మీదే ఉంది. అది నచ్చడానికి కారణం మా అమ్మ.

అమ్మకు డెబ్బై దాటాయి. ముగ్గులో ఆమె మాటకు మా వీధిలో తిరుగులేదు. డ్రాపైల్ ఎట్లా పనిచేస్తుందో నాకు అర్థమైంది ఆమె ముగ్గుల పుస్తకం వల్లే. ఆ నోటు పుస్తకంలో చాలా పేజీల్లో బొమ్మే ఉండదు. ఒక్క వాక్యం ఉంటుంది: "15 చుక్కలు, సందు చుక్క, 8 దాకా." తెలిసినవాళ్లకు అది చాలు. మధ్య వరసలో 15 చుక్కలు పెట్టి, రెండు పక్కలా సందుల్లో 14, 13 అని తగ్గించుకుంటూ 8 దాకా పోవాలి. మొత్తం 169 చుక్కలు. వాకిలి సైజున్న ముగ్గు ఒక్క వాక్యంలోకి మడత పడింది. కడపలో ఉన్న చెల్లెలికి అమ్మ ఆ వాక్యాన్ని ఫోనులో చెబితే, అక్కడి వాకిట్లో అదే ముగ్గు లేచేది.

డ్రాపైల్ చేసేది అచ్చంగా అదే. మీరు గీస్తే అది బొమ్మను పంపదు. "ఫలానా బ్రష్‌తో, ఫలానా రంగుతో, ఇక్కడి నుంచి ఇట్లా ఇక్కడికి" అన్న ఆజ్ఞను పంపుతుంది. అవతలి కంప్యూటరు ఆ ఆజ్ఞను చదివి గీతను తనే గీసుకుంటుంది. అందుకే వీడియో కాల్ ముక్కలు ముక్కలయ్యే నెట్‌వర్కులో కూడా ఇది నడుస్తుంది. మే నెలలో మా వీధిలో కరెంటు పోయి, మొబైల్ డేటాతో లాక్కొచ్చిన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు సర్వరు ఆజ్ఞలన్నీ మొదటి నుంచీ చదివి వినిపిస్తుంది. వాళ్ల తెర మీద బొమ్మ చకచకా లేస్తుంది. సెషన్‌ను రికార్డు కూడా చేసుకోవచ్చు. అమ్మ గీసినవి కొన్ని నా దగ్గర ఉన్నాయి. ప్లే చేస్తే ఆమె చేయి ఎక్కడ తడబడిందో, ఎక్కడ ఆగి ఆలోచించిందో అంతా కనిపిస్తుంది. ఫోటోలో అది ఉండదు.

ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోవాలి. మీ గీత మీకు వెంటనే కనిపిస్తుంది. ఎదుటివాళ్లది అర క్షణం ఆలస్యంగా వస్తుంది. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే ఏది పైకి రావాలన్నది, సర్వరుకు ఏది ముందు చేరింది, ఏది తర్వాత చేరింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. పైన ఉందనుకున్న మీ గీత ఒక్కోసారి కిందికి జారిపోతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి "వాడు కావాలని నా దాని మీద గీసినాడు" అని అలుగుతారు. ఎవరూ కావాలని చేయలేదు, దారి దూరం.

అమ్మతో మొదటిసారి కూర్చున్నప్పుడు 15 చుక్కలు ఫోనులో పట్టలేదు. 7 చుక్కలు, 4 దాకా, మొత్తం 37తో సరిపెట్టుకున్నాం. ఆమె వేళ్లు ఎండి గరుకుగా ఉంటాయి, తెర సరిగ్గా గుర్తుపట్టదు. వేలు కొంచెం తడి చేసుకుంటే పట్టింది. అరచేయి ఆనితే అడ్డదిడ్డంగా గీత పడేది. "ఇది నేల మాదిరి లేదురా, తాకితే చాలు పలుకుతాంది" అంది. బెంగళూరు నుంచి మేనకోడలు కూడా చేరింది. నేను ఉత్సాహంగా ముగ్గురం కలిసి చుక్కలు పెడదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"చుక్కలు ఒకరే పెట్టల్ల. ముగ్గురు పెడితే వరస యాడుంటుంది? చుక్కలైనాక ఎంతమందైనా కలుపుకోండి."

ఎన్ని ట్యుటోరియల్స్ చూసినా ఈ ముక్క ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. కలిసి గీసే పనిలో మొదటి పది నిమిషాలు ఒక్కరివే కావాలి. కాన్వాస్ సైజు, ఏ మూల ఎవరిది, నాలుగు రంగులు ఏవి, ఇవి ఒకరు పెట్టేయాలి. ఆ తర్వాత స్వేచ్ఛ. చుక్కలు లేకుండా మొదలైన సెషన్లు నేను చాలా చూశాను. అరగంటలో అందరూ తలో మూల తమ బొమ్మ తాము గీసుకుంటుంటారు. ఒకే కాగితం మీద నాలుగు ఒంటరి బొమ్మలు. దానికి ఇంటర్నెట్ ఎందుకు?

మాట కూడా ఉండాలి. డ్రాపైల్‌లో టైపు చేసే చాట్ ఉంది కానీ గీసే చేయి టైపు చేయలేదు. ఇంకో ఫోనులో మామూలు కాల్ స్పీకర్లో పెట్టుకోండి. మా సెషన్లలో సగం బొమ్మ, సగం ఊరి సంగతులు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పోయినేడు సంక్రాంతికి అక్కావాళ్లు ప్రొద్దుటూరు నుంచి రాలేకపోయారు. అందరం ఆన్‌లైన్‌లో ఒక పెద్ద ముగ్గు వేద్దామని లింకును కుటుంబం గ్రూపులో పెట్టాను. పద్నాలుగు మంది వచ్చారు. కాగితం తెల్లగా ఉంది కాబట్టి అమ్మ నీలం రంగుతో గీసింది. రెండు గంటలు పట్టింది. అంతా అయిపోవస్తుండగా తెర మొత్తం ఒక్కసారి నల్లగా అయిపోయింది. మా బావమరిది కొడుకు, తొమ్మిదేళ్లవాడు, రంగు పోసే బకెట్ గుర్తు నొక్కి నలుపు పోసేశాడు.

నేను స్పీకర్లో అరిచాను. ఏమన్నానో రాయను. వాడు వెళ్లిపోయాడు.

మేనకోడలు నెమ్మదిగా, "మామా, అది ఒక్క అన్‌డూనే కదా" అంది. నిజమే. డ్రాపైల్‌లో ఎవరి అన్‌డూ వాళ్ల గీతల మీదే పనిచేస్తుంది, కానీ సెషన్ నడిపేవాళ్లు పేర్ల జాబితాలోకి పోయి ఇంకొకరి పనిని కూడా వెనక్కి తీయగలరు. ఎవరు ఎక్కడ గీశారో చూపించే పరికరం కూడా ఉంది. మరీ పాడైతే కాన్వాస్‌ను పాత స్థితికి తిప్పొచ్చు. మూడు సెకన్లలో ముగ్గు తిరిగొచ్చింది. పిల్లవాడు మాత్రం ఏడాది దాకా తిరిగి రాలేదు.

మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేసింది. వాడు పాడుచేయాలని చేయలేదట, రాత్రి చేద్దామనుకున్నాడట. నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. అమ్మే నవ్వి అంది: "వాడు చేసిందాంట్లో తప్పేముందిరా? తెల్ల నేల మీద ముగ్గు యాడన్నా ఉంటుందా? నీకు తోచలేదు, నాకూ తోచలేదు. వాడు నేల అలికినాడు."

వాడు చేసిన పని సరైనదే. చేసిన లేయరు తప్పు. అడుగున ఒక లేయరు వాడికి ఇచ్చి ఉంటే, వాడి నల్ల నేల మీద అమ్మ తెల్ల ముగ్గు వెలిగిపోయేది. లేయర్లు ఎందుకో నాకు ఫోటోషాప్ పదిహేనేళ్లలో చెప్పనిది ఆ రోజు తెలిసింది. ఒంటరిగా పనిచేసేటప్పుడు లేయరు అంటే తప్పు దిద్దుకునే సౌకర్యం. నలుగురిలో లేయరు అంటే మనిషికి ఇచ్చే చోటు. డ్రాపైల్‌లో ఒక లేయరును ఫలానా వాళ్లకే అని కట్టేయొచ్చు, ఒక మనిషిని కాసేపు గీయకుండా ఆపొచ్చు కూడా. ఈ తాళాలను చూసి చాలామంది "అంత నమ్మకం లేదా మా మీద" అంటారు. నేను కూడా అట్లాగే అనుకుని అన్నీ తెరిచి పెట్టాను. తెరిచి పెట్టిన దాని ఫలితం, నేను ఒక పిల్లవాడి మీద అరవడం. లేయరు ముందే కట్టి ఉంటే నాకు అరిచే అవసరమే రాదు.

ఇక్కడే నాకూ మేనకోడలికీ వాదన. తను డిజైన్ పనిలో ఉంది. మొదటి రోజు నుంచే ఎవరి లేయరు వాళ్లకు ఉండాలంటుంది. నేను ఒప్పుకోను. మొదటి నెల నేలకొక లేయరు, మిగతా అందరికీ కలిపి ఒక లేయరు, అంతే ఉండాలంటాను. ఎవరి లేయరులో వాళ్లుంటే గోడకు గోడ కట్టినట్టే, ఒకరి గీత ఒకరికి తగలదు. తగలకపోతే నేర్చుకునేది ఏముంది? "మామా, నువ్వు ఆఫీసులో పనిచేసి ఉంటే ఇట్లా అనవు" అంటుంది. ఉండొచ్చు. డబ్బు తీసుకుని చేసే పనికి తన మాటే సరి. తప్పు ఎవరిదో తేల్చాల్సిన చోట లేయర్లు విడిగానే ఉండాలి.

పని పంచుకోవడంలో మా పక్క నిమ్మలకుంట ఉంది కదా అని ఒకాయన అన్నాడు. ధర్మవరం దగ్గరి తోలుబొమ్మల ఊరు. 2022లో జిల్లా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా మా నోటికి అది ఇంకా అనంతపురం జిల్లానే. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఇళ్లలో ఒకరు మేకతోలు మీద గీత గీస్తే, ఒకరు ఉలితో చిల్లులు కొడతారు, ఇంకొకరు రంగులు అద్దుతారు. దీపం వెలుగు తోలులోంచి రావాలి కాబట్టి రంగు రెండు వైపులా పడాలి. చూడముచ్చటైన పని. కానీ అది వరస పని. ఒకరి చేయి ఆగాక ఇంకొకరి చేయి మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో దానికి ఫైలు ఈమెయిల్ చేసుకున్నా సరిపోతుంది. నేను మాట్లాడుతున్నది ఒకే క్షణంలో రెండు చేతులు ఒకే చోట ఉండే పని గురించి. దానికి దగ్గరి చుట్టం ముగ్గు, లేకపోతే ఎన్నికల గోడ.

కట్టుబాటు ఒక్కటి సరిగ్గా పెడితే పరిచయం లేనివాళ్లు కూడా కలిసి గీస్తారనడానికి పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. 2017 ఏప్రిల్ 1న రెడ్డిట్ అనే చర్చల వెబ్‌సైటులో 'ప్లేస్' అని ఒక కాన్వాస్ తెరిచారు. వెయ్యి పిక్సెళ్ల వెడల్పు, వెయ్యి ఎత్తు, 16 రంగులు. ఎవరైనా ఒక్క పిక్సెల్, అంటే ఒక్క చిన్న రంగు చుక్క పెట్టొచ్చు. పెట్టాక 5 నుంచి 20 నిమిషాలు ఆగాలి. అంతే నియమం. 72 గంటల్లో పది లక్షల మందికి పైగా వచ్చారు. ఒక్కడి వల్ల ఏ బొమ్మా కాదు కాబట్టి జనం గుంపులు కట్టారు, పక్క గుంపుతో సరిహద్దులు మాట్లాడుకున్నారు, చెరిపేవాళ్లను కాపలా కాశారు. 2022లో మళ్లీ పెట్టి, చివర్లో తెలుపు ఒక్కటే పెట్టనిచ్చారు. జనమే ఆ బొమ్మంతా తెల్లగా చెరిపేశారు. ముగ్గు వేసేవాళ్లకు అది వింతగా అనిపించదు. తెల్లారేసరికి తొక్కుడు పడిపోతుందని తెలిసే కదా వేసేది.

అయినా దాచుకోవాలనుకున్నది దాచుకోండి. ఎక్స్‌కాలిడ్రాలో ఒంటరిగా గీసింది మీ బ్రౌజరులోనే ఉంటుంది. బ్రౌజరు డేటా తుడిస్తే అదీ పోతుంది. డ్రాపైల్ ఉచిత సర్వరులో అందరూ బయటికి వచ్చేస్తే మామూలుగా సెషన్ ముగిసిపోతుంది. కంపెనీలను నమ్ముకున్నా అంతే. గూగుల్ వాళ్ల వైట్‌బోర్డు జామ్‌బోర్డు 2024 డిసెంబరు 31తో మూతపడింది. ప్రతి అరగంటకు ఎవరో ఒకరు ఫైలును తమ దగ్గర సేవ్ చేయాలి. మా గుంపులో ఆ పని అక్కది. ఆమె గీత గీయదు, చూస్తుంది, మాట్లాడుతుంది, సేవ్ చేస్తుంది. ఆమె లేకపోతే మాకు సగం బొమ్మలు మిగిలేవి కావు.

సర్వరు గురించి ఒక్క ముక్క. డ్రాపైల్‌ను మీ కంప్యూటరు నుంచే నడపొచ్చని రాసి ఉంటుంది. మన దగ్గర చాలా కనెక్షన్లలో ఒకే బయటి చిరునామాను ఎంతోమందికి పంచుతారు కాబట్టి బయటివాళ్లు మీ కంప్యూటరును చేరలేరు. నేను రెండు రోజులు రౌటరుతో కుస్తీ పట్టి మానేశాను. ఉచిత సర్వరులో, జాబితాలో కనపడకుండా, పాస్‌వర్డు పెట్టి మొదలుపెట్టండి. పిల్లలున్నప్పుడు మరీ ముఖ్యం. అందరికీ తెరిచిన సెషన్లలో ఎవరు ఏం గీస్తారో చెప్పలేం.

ఈ ఏడు కనుమకు రథం ముగ్గు వేద్దామని అమ్మే అడిగింది. రథం వేసి, దాని తాడును వాకిట్లోంచి వీధిలోకి లాగి పక్కింటి రథానికి కలిపే అలవాటు మా చిన్నప్పుడు వీధంతా ఉండేది. ఇప్పుడు వాకిళ్లన్నీ టైల్స్, వీధంతా బైకులు. ఈసారి లింకును గ్రూపులో పెట్టలేదు, ఒక్కొక్కరికీ విడిగా పంపాను. బావమరిది కొడుక్కి కూడా పంపాను. కింద ఒక లేయరు పెట్టి దాని పేరు 'నేల' అని రాశాను.

అమ్మ ఈసారి తెలుపుతోనే గీస్తానని పట్టుబట్టింది. తెల్ల కాగితం మీద తెల్ల రథం. ఆమెకు ఏం కనిపిస్తోందో నాకు అర్థం కాలేదు. వేలు మాత్రం ఆగకుండా నడుస్తోంది. చక్రాలు, స్తంభాలు, పైన జెండా అని నోటితో చెబుతూ పోతోంది. అటు బెంగళూరు నుంచి, "అవ్వా, నాకేం కనపడటంలేదు" అంటోంది మేనకోడలు. తాడు లాగుతూ లాగుతూ అమ్మ వేలు కుడి అంచు దాటింది.

"ఏంరా, ఇంక పోదా ఇది?"

"కాగితం అయిపోయిందమ్మా. ఉండు, పెంచుతా."

కుడి పక్కకు ఇంకో వెయ్యి పిక్సెళ్లు పెంచాను. పెంచేలోపే పేర్ల జాబితాలో ఒక కొత్త పేరు చేరింది. ఎవరూ ఏమీ అనలేదు. కొద్దిసేపు ఆ పేరు పక్కనున్న బాణం ఒక మూల కదలకుండా ఉండిపోయింది. తర్వాత ఎడమ అంచు నుంచి నలుపు మొదలైంది. బకెట్‌తో కాదు, బ్రష్‌తో, మెల్లగా, పైనుంచి కిందికి. నలుపు పాకిన చోటల్లా రథం బయటపడుతోంది. ముందు ఒక చక్రం, తర్వాత ఇంకోటి.

నేను తాడు ఎటు లాగాలో చెప్పబోయాను. అమ్మ ఫోను మీంచి చేయి తీసేసింది.

"ఆగురా. వాణ్ణి నేల అలకనీ. తాడు తర్వాత లాగుతా."